పాత సైన్స్ ఫిక్షన్ సినిమా మొదటిసారి చూడబోతున్నారా? ముందు మీ ఇంట్లో ఎంత నిశ్శబ్దం ఉందో చూసుకోండి

మా అక్క కొడుకు అనంతపురంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. అన్నిటికన్నా గొప్ప సైన్స్ ఫిక్షన్ సినిమా ఏదో చెప్పమని పోయిన ఏడాది వేసవిలో అడిగాడు. నేను ఆలోచించకుండా '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' పేరు చెప్పాను. వారం తిరగకముందే వచ్చి, "మామా, ఇరవై నిమిషాలు చూశాను. కోతులు అరుస్తున్నాయి, కొట్టుకుంటున్నాయి. నిద్ర ముంచుకొచ్చింది" అన్నాడు. ఎక్కడ చూశావురా అంటే, హాస్టల్ గదిలో, ఫోనులో, పక్క మంచం మీద ముగ్గురు క్రికెట్ చూస్తుండగా. తప్పు వాడిది కాదు, ఆ సినిమాది అసలే కాదు. నడక నేర్వని పిల్లవాణ్ని పెనుకొండ కోట ఎక్కమన్న నాది.

ఆ తప్పు దిద్దుకోవడానికి ఏడాది పట్టింది. స్నేహితుడి దగ్గర ప్రొజెక్టర్ అరువు తెచ్చి, మిద్దె మీద పిట్టగోడకూ నీళ్ల ట్యాంకుకూ మధ్య తెల్ల పంచె కట్టి, పాత సినిమాలు ఒక్కొక్కటిగా మళ్లీ వేశాను. ప్రేక్షకులు రకరకాలు. ఇంగ్లీషు రాని మా అమ్మ, ప్రతి పాత్రతోనూ వాదించే మా అక్క, గుంతకల్లు లోకో షెడ్‌లో పనిచేసి రిటైరైన మా పెదనాన్న, మేనల్లుడూ వాడి స్నేహితులూ, ఎనిమిదేళ్ల మేనకోడలు. వీళ్లతో చూశాక నాకు తెలిసింది ఇది: ఏ సినిమా గొప్పది అన్న ప్రశ్న మొదటిసారి చూసేవారికి పనికిరాదు. ఆ సినిమా ఎంత నిశ్శబ్దం అడుగుతుంది, ఎంత చీకటి అడుగుతుంది, ఎంత పరభాష అడుగుతుంది, అవి మన ఇంట్లో ఎంతవరకు దొరుకుతాయి అన్నదే అసలు లెక్క. మా వీధిలో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా నీళ్ల ట్యాంకర్, కుక్కర్ కూతలు, గుడి మైకు, కింద వాటాలో టీవీ సీరియల్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మీ వీధి ఇంతకన్నా నయమైతే అదృష్టవంతులు.

ఏ ఓటీటీలో ఏ సినిమా ఉందో ఇక్కడ రాయడం లేదు. అది నెలకొకలా మారుతుంది. దాని బదులు సంవత్సరం, నిడివి చెబుతాను. ఈ పాత సినిమాల్లో చాలా వాటికి రెండు మూడు ప్రతులు తిరుగుతున్నాయి, సరైనదాన్ని పట్టుకోవడానికి నిడివే గుర్తు.

ముందే చెప్పుకోవలసిన రెండు చిక్కులు

ఏ పాత సైన్స్ ఫిక్షన్ సినిమాకైనా ఇవాళ రెండు అడ్డంకులు ఉన్నాయి. ఒకటి, దానిలోని మంచి దృశ్యాలన్నీ తర్వాత వచ్చినవాళ్లు ఎత్తుకుపోయారు. మనం నకళ్లన్నీ చూశాక మూలం దగ్గరికి వస్తాం కాబట్టి, మూలమే నకలులా కనిపిస్తుంది. 1927 నాటి 'మెట్రోపాలిస్' మేడలు చూసి మా మేనల్లుడు, "ఇది ఏదో వీడియో గేమ్‌లో చూశాను" అన్నాడు. ఆ గేమ్ తాతలు ఇక్కడే పుట్టారని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

రెండోది, ఆ సినిమాలు చూపించిన భవిష్యత్తు మనకు గతమైపోయింది. 'బ్లేడ్ రన్నర్' మొదలవగానే తెర మీద 2019 నవంబర్ అని పడుతుంది. '2001'లో అంతరిక్ష కేంద్రానికి ప్రయాణికులను మోసుకెళ్లే వాహనం మీద పాన్ ఆమ్ పేరుంటుంది. ఆ విమాన సంస్థ 1991లోనే మూతపడింది. అదే సినిమాలో ఒక తండ్రి అంతరిక్షం నుంచి కూతురితో ముఖం చూస్తూ మాట్లాడతాడు, మాట్లాడాక బిల్లు 1 డాలరు 70 సెంట్లు అని తెర మీద వస్తుంది. ముఖం చూస్తూ మాట్లాడటాన్ని ఊహించినవాళ్లు అది ఇంత చవక అవుతుందని మాత్రం ఊహించలేకపోయారు. ఇలాంటి పొరపాట్లకు నవ్వండి. నవ్వడం ఆ సినిమాకు అవమానం కాదు, దాని వయసుతో చనువు.

ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. 1957 నాటి 'మాయాబజార్' చూస్తూ పెరిగాం. పెట్టె మూత తీస్తే మనసుకు ఇష్టమైనవాళ్లు కనిపించే ప్రియదర్శిని మనకు కొత్త కాదు. లడ్డూలు వాటంతట అవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లడం కంప్యూటర్ పని కాదని, మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేసిన కనికట్టు అని మనకు తెలుసు. తెలిసినా ప్రతిసారీ ముచ్చటపడతాం. ఆ సినిమా తీసిన కె.వి. రెడ్డి మా జిల్లా తాడిపత్రివాడు కావడం వల్ల నేను ఈ మాట కాస్త గట్టిగా చెబుతుండవచ్చు. అయినా నిజం నిజమే. కనికట్టు అని తెలిసీ ఒప్పుకునే కళ్లు మనకు అలవడి ఉన్నాయి. గ్రాఫిక్స్ బాగాలేవు అనే కళ్లు కాకుండా, ఆ కళ్లు పెట్టుకుని కూర్చోండి.

రొద ఉన్న ఇంటికి మూకీ సినిమా

వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, అన్నిటికన్నా రొద ఉన్న ఇంటికి అన్నిటికన్నా పాత సినిమానే సరిపోతుంది. మూకీ చిత్రంలో వినవలసిన మాట లేదు కాబట్టి కుక్కర్ కూస్తే కథ జారిపోదు.

పరీక్షకు ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ 1902లో తీసిన చంద్రయాత్ర సినిమాతో మొదలుపెట్టండి. పావుగంటలోపే అయిపోతుంది. పండితులు ఫిరంగి గుండులో కూర్చుని చంద్రుడి మీదికి వెళతారు, ఆ గుండు నేరుగా చంద్రుడి కంట్లో గుచ్చుకుంటుంది. మా మేనకోడలు దీన్ని వరుసగా నాలుగుసార్లు వేయించుకుంది. అక్కడక్కడా చేత్తో రంగులద్దిన ప్రతిని బాగుచేసి 2011లో కాన్ ఉత్సవంలో చూపించారు. దొరికితే అదే చూడండి.

దాని తర్వాత ఫ్రిట్జ్ లాంగ్ 'మెట్రోపాలిస్'. ఇక్కడ ఏ ప్రతి చూడాలన్నది సినిమా ఎంపిక అంత ముఖ్యం. 1927 జనవరిలో బెర్లిన్‌లో మొదటిసారి చూపించాక, జనం రాలేదని దాదాపు నాలుగో వంతు కోసేశారు. ఆ కోసిన భాగం శాశ్వతంగా పోయిందనే అందరూ అనుకున్నారు. 2008లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లోని ఒక సినిమా మ్యూజియంలో 16 ఎంఎం ప్రతి బయటపడింది. దాన్ని అతికి 2010లో 148 నిమిషాల సినిమాగా తెచ్చారు. చూస్తుంటే మధ్యమధ్యలో బొమ్మ గీతలు పడి, మసకబారి కనిపిస్తుంది. ప్రొజెక్టర్ దోషం కాదు, అవే ఆ దొరికిన ముక్కలు. నాకైతే ఆ గీతలు వచ్చినప్పుడల్లా పాత ఇనప్పెట్టెలోంచి తీసిన ఉత్తరం చదువుతున్నట్టు ఉంటుంది. గంటన్నర లోపు ప్రతులూ ఉన్నాయి, అందులో 1984లో రాక్ సంగీతం కలిపి తెచ్చినది ఒకటి. మొదటిసారికి అది వద్దు.

కథ పాతదే. పైన యజమానులు, కింద కార్మికులు, మధ్యలో ప్రేమ, ఒక మరమనిషి. చివర్లో చెప్పే నీతి నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు, అంత సులభంగా రాజీ కుదిరే గొడవ కాదది. కానీ మొదట్లో ఒక షిఫ్టు మార్పిడి దృశ్యం ఉంది. పనికి వెళ్లేవాళ్ల వరుస ఒక వేగంతో నడుస్తుంది, పని దిగినవాళ్ల వరుస అందులో సగం వేగంతో నడుస్తుంది. తలలన్నీ కిందికి వాలి ఉంటాయి. లోకో షెడ్‌లో ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసిన మా పెదనాన్న అంతవరకు వక్క నములుతూ కూర్చున్నవాడు నమలడం ఆపాడు. "దిగేవాడు ఎక్కేవాడి ముఖం చూడడు. చూస్తే మాట్లాడాలి, మాట్లాడే ఓపిక ఉండదు. ఇది తీసినవాడు ఎక్కడో పనిచేసి ఉంటాడు" అన్నాడు. ఆ తర్వాత రెండు గంటలు కదల్లేదు. కాబట్టి దీన్ని సినిమా పిచ్చివాళ్లతో కన్నా, ఎక్కడైనా షిఫ్టులు చేసిన పెద్దవాళ్లతో చూడండి. నిడివి భయపెడితే రెండు రాత్రులుగా పంచుకోండి, ఈ సినిమా దానికి ఒప్పుకుంటుంది.

అందరూ కలిసి చూడాలంటే

ఇంట్లో మూడు తరాలవాళ్లు ఉండి, సబ్‌టైటిల్స్ చదివే అలవాటు అందరికీ లేకపోతే, సిగ్గుపడకుండా 'ఆదిత్య 369'తో మొదలుపెట్టండి. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీశారు. కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన ఆయన, గురువు కనికట్టును కాలయంత్రంలోకి ఎక్కించారు అనిపిస్తుంది. యంత్రం ఒకసారి 1526కు, శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళుతుంది. ఇంకోసారి 2504కు వెళుతుంది, అక్కడ యుద్ధం తర్వాత రేడియేషన్ వల్ల మనుషులు నేల కింద బతుకుతుంటారు. కొన్ని హాస్య సన్నివేశాలు ఇప్పుడు సాగదీసినట్టు ఉంటాయి, భవిష్యత్తులోని దుస్తులు చూసి మా మేనల్లుడి స్నేహితులు పడి పడి నవ్వారు. కానీ రాయల సభలోకి నేటి మనిషి అడుగుపెట్టే ఘట్టం దగ్గర ఒక్కరూ నవ్వలేదు. 2025లో దీన్ని మళ్లీ థియేటర్లలో విడుదల చేశారు కాబట్టి మంచి ప్రతి కోసం చూడండి. మా వైపు వాళ్లకు అదనపు లాభం ఒకటుంది. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న పెనుకొండ ఇక్కడి నుంచి ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చేంత దూరం. సినిమా చూసిన మర్నాడు పిల్లలను గగన్ మహల్ దగ్గరికి తీసుకెళ్లాను. మేనకోడలు చెట్ల వెనక కాలయంత్రం కోసం వెతికింది.

దీనికి పోటీగా నిలబడేది స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1977 సినిమా 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్'. ఇందులో ఆకాశం నుంచి వచ్చినవాళ్లు మనతో యుద్ధానికి రారు, ఐదు స్వరాల పాటతో పలకరిస్తారు. ఆ ఐదు స్వరాలను వేలమంది కలిసి పాడే ఘట్టం మన దేశంలోనే, మహారాష్ట్రలో ఖాలాపూర్ దగ్గర తీశారు. జనమంతా ఒక్కసారిగా చేతులెత్తి ఆకాశాన్ని చూపిస్తారు. ఆ చేతులు చూసి మా అమ్మ తెలియకుండానే దండం పెట్టింది. రొదను కొంత ఓర్చుకుంటుంది, పిల్లలు భయపడి ఏడిచేంత ఏమీ లేదు. ఇంగ్లీషు రానివాళ్లకు మధ్యలో ఒకరు కథ చెబుతుండాలి. కథానాయకుడు పళ్లెంలో ఉడికిన బంగాళాదుంప ముద్దను కొండలా మలుస్తాడు. మా ఇంట్లో ఆ తర్వాత వారం రోజులు రాగిసంగటి ముద్దలన్నీ కొండలయ్యాయి. మా అక్కకు మాత్రం ఆ కథానాయకుడంటే మంట. "పెళ్లాం బిడ్డలు ఏమైపోతారో ఒక్కమాట అడగడేం?" అని చివరిదాకా నిలదీస్తూనే ఉంది. ఆమె కోపంలో న్యాయం ఉందని ఒప్పుకుంటాను. ప్రతులు మూడు. 1980 నాటి దానిలో చివర్లో ఆ వాహనం లోపలి భాగం చూపించారు. చూడనిదే నయం. 137 నిమిషాల 1998 ప్రతి తీసుకోండి.

రెండింటిలో ఏది ముందు? పెద్దవాళ్లు ఎక్కువమంది ఉంటే 'ఆదిత్య', పిల్లలు ఎక్కువమంది ఉంటే స్పీల్‌బర్గ్.

'స్టార్ వార్స్' గురించి అడుగుతారని తెలుసు. కత్తి, రాకుమారి, ముసలి గురువు, నల్లముసుగు దుర్మార్గుడు ఉన్న కథ విఠలాచార్య చూపించిన లోకానికి దగ్గరి చుట్టం. అంతరిక్షంలో జరిగే జానపదం. హాయిగా చూడవచ్చు, ఎవరి సలహా అక్కర్లేదు. ఈ లెక్కలోకి రాదు.

ఒక్కటే చెప్పమంటే

ఒక్క సినిమా పేరే చెప్పమని పట్టుబడితే ఇప్పుడు నేను చెప్పే పేరు 1954 నాటి జపాన్ 'గాడ్జిల్లా'. పేరు వినగానే రబ్బరు తొడుగు వేసుకున్న మనిషి అట్టముక్క మేడలు తొక్కడం గుర్తొచ్చి నవ్వు వస్తుంది. మా మిద్దె మీద కూడా మొదటి పది నిమిషాలు నవ్వారు. తర్వాత ఆగిపోయింది.

ఆ ఏడాది మార్చి 1న బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. ట్యూనా చేపల వేటకు వెళ్లిన జపాన్ పడవ ఒకటి దూరంగా ఉన్నా, దాని మీద బూడిద కురిసింది. పడవలో 23 మంది. రేడియో ఆపరేటర్ సెప్టెంబరులో చనిపోయాడు. నవంబరు 3న ఈ సినిమా విడుదలైంది. మొదటి దృశ్యంలోనే ఒక పడవ, సముద్రంలో ఒక వెలుగు, ఆపై మంటలు. ఆనాటి ప్రేక్షకులకు అది వింతజంతువు కథ కాదు, ఆ సంవత్సరపు వార్త. హిరోషిమా, నాగసాకి జరిగి తొమ్మిదేళ్లే. ఆసుపత్రిలో ఒక పసిపాప దగ్గర రేడియేషన్ కొలిచే యంత్రం పెట్టి చూసి, డాక్టరు తల అడ్డంగా ఊపుతాడు. ఆ ఒక్క కదలిక కోసం ఈ సినిమా చూడవచ్చు. మృగాన్ని చంపగల శక్తి ఒక శాస్త్రవేత్త చేతిలో ఉంటుంది, దాన్ని బయటపెట్టడానికి మాత్రం అతను వణికిపోతాడు. ఎందుకన్నదే అసలు కథ.

మా లెక్కలో ఇది ఎందుకు నెగ్గింది? నిడివి 96 నిమిషాలు. నలుపు తెలుపు కాబట్టి పంచె తెర మీద కూడా ముద్దగా మారకుండా కనిపిస్తుంది. ఆ మృగం అరుపు ముందు నీళ్ల ట్యాంకర్ ఏ మూలకు? సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే ఆ అరుపును ఏ జంతువు నుంచీ తీసుకోలేదు. పెద్ద వాయులీనం లాంటి కాంట్రాబాస్ తీగలను జిగురు పూసిన తోలు తొడుగుతో రుద్ది పుట్టించాడు. భాష విషయంలో అందరూ సమానం. జపనీస్ ఎవరికీ రాదు, కింద పడే అక్షరాలు చదవగలిగినవాళ్లు చదువుతారు, మిగిలినవాళ్లకు ముఖాలు చాలు. ఇంగ్లీషు సినిమా వేసినప్పుడు "నాకొక్కదానికే అర్థం కావడం లేదు" అని ముడుచుకునే మా అమ్మ, దీనికి మాత్రం దర్జాగా కూర్చుంది.

ఒక జాగ్రత్త. 1956లో అమెరికావాళ్లు ఒక అమెరికన్ విలేకరి పాత్రను మధ్యలో దూర్చి, బాంబు ప్రస్తావనలను తగ్గించి, దాదాపు 80 నిమిషాల ఇంగ్లీషు ప్రతి చేశారు. పేరు దాదాపు ఒకటే. ఆ విలేకరి కనిపించాడంటే మీరు తప్పు ప్రతి తెచ్చుకున్నారని అర్థం.

కుర్రాళ్ల గుంపుకు, ఒంటరివాళ్లకు

కాలేజీ కుర్రాళ్లు నలుగురు కూర్చుంటే రిడ్లీ స్కాట్ 1979 'ఏలియన్' మించినది లేదు. 117 నిమిషాలు, చిన్నపిల్లలను దరిదాపుల్లోకి రానివ్వకండి. మొదటి అరగంట ఏమీ జరగదని కుర్రాళ్లు విసుక్కుంటారు. నిజానికి నాకు ఆ అరగంటే ఇష్టం. 2 కోట్ల టన్నుల ఖనిజం లాక్కుని భూమికి తిరిగొస్తున్న ఓడ, ఏడుగురు సిబ్బంది, ఒక పిల్లి. వాళ్లు వీరులు కారు. మెకానిక్కులు ఇద్దరూ తమ వాటా ఎంత అని మొదట తేల్చమంటారు. బళ్లారి దారిలో ఖనిజం లారీలు ఆగే దాబాల దగ్గర బత్తా గురించి జరిగే వాదన విన్నవాళ్లకు ఈ ఓడ పరాయిగా అనిపించదు. తర్వాత ఒక భోజనం బల్ల దృశ్యం వస్తుంది. దాని గురించి ఎవరైనా ముందే చెప్పబోతే నోరు మూయించండి. 2003లో కొన్ని దృశ్యాలు చేర్చి, కొన్ని తీసి ఇంకో ప్రతి తెచ్చారు, కానీ 1979 నాటిదే చాలు. దీనికి చీకటి తప్పనిసరి, నిశ్శబ్దం సగం చాలు.

అదే దర్శకుడి 1982 'బ్లేడ్ రన్నర్'ను మాత్రం రెండో మూడో సినిమాగా పెట్టుకోండి. విడుదలైనప్పుడు అది జనాన్ని పెద్దగా ఆకట్టుకోలేదు. నాలుగేళ్లే ఆయుష్షు పోసి తయారుచేసిన కృత్రిమ మనుషులను వేటాడే పోలీసు కథ. నెమ్మదిగా, మత్తుగా సాగుతుంది. ప్రతులైతే ఒక చిన్న బీరువాకు సరిపోయేన్ని. మొదటి ప్రతిలో కథానాయకుడి గొంతు వెనకనుంచి అన్నీ వివరిస్తుంటుంది, చివర సుఖాంతం అతికించారు. 2007 నాటి 'ఫైనల్ కట్' తీసుకుంటే ఆ రెండూ ఉండవు. ఇంకో ఇబ్బంది మా ఊరివాళ్లకు మాత్రమే ఉంది. ఈ సినిమాలో లోకం చెడిపోయిందని చెప్పడానికి అస్తమానం వాన కురిపిస్తారు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల దగ్గర తచ్చాడే జిల్లావాడికి ఆగని వాన శాపంలా ఎలా కనిపిస్తుంది? "ఇంత వాన పడితే వేరుశనగకు ఢోకా లేదు" అన్నాడు పెదనాన్న. ఆ సన్నివేశపు గాంభీర్యం అక్కడితో సరి.

తార్కోవ్‌స్కీ 1972 'సొలారిస్' 167 నిమిషాలు. రష్యన్. చనిపోయిన భార్య అంతరిక్ష కేంద్రంలో మళ్లీ ఎదురవుతుంది. ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు ఒంటరిగా, అర్ధరాత్రి దాటాక చూడవలసిన సినిమా ఇది. గుంపులో వేయకండి, ఎవరూ క్షమించరు.

ఇక ఆ కోతుల సినిమా

'2001' మంచిది కాదని నేను అనలేదు. దానికి ముహూర్తం కావాలి.

మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడానికి ఏడాది పైన ముందు, 1968 ఏప్రిల్‌లో వచ్చింది. స్టాన్లీ కుబ్రిక్ తీశాడు, శ్రీలంకలో స్థిరపడిన ఆర్థర్ సి. క్లార్క్ ఆయనతో కలిసి రాశాడు. మొదటి 25 నిమిషాల్లో ఒక్క మాట ఉండదు, చివరి 20 నిమిషాల పైచిలుకులోనూ ఉండదు. అంటే అన్ని ఇంగ్లీషు సినిమాల్లోకీ ఇంగ్లీషు తక్కువ అవసరమయ్యేది ఇదే. ఈ సంగతి నాకు తట్టనే లేదు, మా అమ్మ వల్ల తెలిసింది. ఆదిమానవుడు ఎముక చేతికి తీసుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నేల మీద కొట్టడం మొదలుపెట్టగానే ఆమె, "పాపం, వీడికి ఆయుధం దొరికింది. ఇక మనిషైనట్టే" అంది. దీని మీద విమర్శకులు రాసిన పుస్తకాలు చదివినవాణ్ని నేను. ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడలేదు.

కానీ భాష అడగని ఈ సినిమా నిశ్శబ్దాన్ని వడ్డీతో సహా వసూలు చేస్తుంది. అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి శబ్దం లేదు అన్న నియమాన్ని నిజాయితీగా పాటించింది. వ్యోమగామి ఓడ బయటికి వెళితే వినిపించేది అతని ఊపిరి మాత్రమే. మరోచోట ఆ ఊపిరి కూడా ఉండదు. ఆ క్షణంలో పక్కింటి సీరియల్ వినిపించిందా, సినిమా సగం చచ్చినట్టే. ఓడలోని 'హాల్' అనే కంప్యూటర్ మాట్లాడే గొంతు చాలా మెత్తన, దానిలోని భయమంతా ఆ మెత్తదనంలోనే ఉంది, ఫోను స్పీకరులో అది వినపడదు. సినిమా మొత్తం 70 ఎంఎం తెర కోసం తీసింది. ఫోను తెర మీద గ్రహాలు ఆవగింజలవుతాయి. కథ అర్థం కాకపోతే క్లార్క్ నవల చదవండి, కానీ సినిమా తర్వాతే. ముందు చదివితే, జవాబుల పుస్తకం చూసి లెక్క చేసినట్టు ఉంటుంది.

ముహూర్తం గురించి కూడా చెప్పాలి. మిద్దె మీదైతే ఆషాఢంలో వద్దు. మా ఊరి ఆషాఢపు గాలికి పంచె తెరచాపలా ఉబ్బి, బృహస్పతి గ్రహం కోడిగుడ్డులా సాగింది, స్వయంగా చూశాను. గాలి పడిపోయిన మార్గశిరం రాత్రి, పదిన్నర దాటాక, వీధి దీపం వైపు వీపు పెట్టుకుని కూర్చుంటే సరిపోతుంది. నిడివి సుమారు 149 నిమిషాలు, మధ్యలో విరామం ఉంది, టీ కాచుకోవచ్చు.

మేనల్లుణ్ని సరిగ్గా అలాంటి రాత్రి మళ్లీ కూర్చోబెట్టాను. అప్పటికి వాడు గాడ్జిల్లా, ఏలియన్, మెట్రోపాలిస్ చూసి ఉన్నాడు. ఈ సినిమా మొదలయ్యేటప్పుడు దాదాపు 3 నిమిషాలు తెర నల్లగా ఉండి, గొంతులు మూలిగినట్టు సంగీతం మాత్రమే వస్తుంది. అందరికీ ముందే చెప్పాను. అయినా రెండో నిమిషంలో పెదనాన్న లేచి వెళ్లి ప్రొజెక్టర్ తీగ ఊడదీసి మళ్లీ పెట్టాడు. మొదటినుంచి వేయవలసి వచ్చింది. ఈసారి తీగ దగ్గర మేనల్లుడు కాపలా కూర్చున్నాడు, కోతులు అయిపోయేదాకా అక్కడినుంచి లేవలేదు.